డెలియా దండెం

"దండెం తీసెయ్యాలండీ. కాలనీ రూల్."

కంచె అవతల నిలబడి రస్సెల్ ఈ మాట అనేసరికి, తడి దుప్పటి వెనకనుంచి ఒక మొహం బయటికొచ్చింది. నోట్లో రెండు క్లిప్పులు. వాటిని తీరిగ్గా దుప్పటికి పెట్టి, అప్పుడు మాట్లాడింది డెలియా.

"ఎవరికి అడ్డొచ్చింది?"

"చూడ్డానికి బాగుండదని..."

"ఇంత ఎండ ఊరికే కాస్తుంటే మెషీన్లో ఆరబెట్టడం బాగుంటుందా? ఆ కరెంటు కోసం ఎక్కడో గ్యాస్ తగలబెడుతున్నారు. ఆ పొగకి రూల్ లేదా?"

"రూల్ నాది కాదు. మా అమ్మ అసోసియేషన్ ప్రెసిడెంట్."

"అయితే అమ్మగారితో చెప్పండి, డెలియా తియ్యదట అని."

చెప్పాడు. ఒహాయోలోని ఆ చిన్న కాలనీలో అతని తల్లి లొరెయిన్ మాటకి ఎదురు లేదు.

"పక్కింట్లో దిగి నెల కాలేదు, అప్పుడే ఇంత పొగరా! మీటింగ్‌లో జరిమానా వేయిస్తా" అందావిడ.

ఆ రోజునుంచి రస్సెల్‌కి వంటింటి కిటికీ దగ్గర పని ఎక్కువైంది. డెలియా సైకిల్ మీద ఆఫీసుకెళ్ళడం, వానలో తడిసొచ్చి తనలో తనే నవ్వుకోవడం చూస్తుంటే చేతిలో కాఫీ చల్లారిపోయేది.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. డెలియా ఇంకా రాలేదు. రస్సెల్ కంచె దూకి, దండెం మీది బట్టలన్నీ లాగి గుండెకి హత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే సైకిల్ వచ్చి ఆగింది.

"ఓహో! అమ్మగారు పంపించారా?"

"కాదండీ, వానొస్తోందని..."

"ఒక్క చుక్క పడిందా?"

పడలేదు. ఆ పాడు మబ్బు అటునుంచి అటే పోయింది. డెలియా బట్టలు లాక్కుని, మొహం మీదే తలుపేసింది.

మీటింగ్‌లో లొరెయిన్ జరిమానా మాట ఎత్తగానే డెలియా లేచింది.

"కట్టను. దండెం తియ్యను."

హాలంతా గుసగుసలు. వెనక వరసలో రస్సెల్ లేచాడు.

"నాకూ వెయ్యండి. రేపట్నుంచి నేనూ బయటే ఆరేస్తాను."

"ఎక్కడ?" అంది తల్లి.

"మన పెరట్లోనే, అమ్మా."

జరిమానా ఇద్దరికీ పడింది. ఓటింగ్‌లో ముందుగా లేచిన చెయ్యి తల్లిదే.

మర్నాడు రస్సెల్ తాడు కట్టి చొక్కాలు ఆరేస్తుంటే కంచె మీంచి గొంతు వినిపించింది.

"భుజాలకి క్లిప్పులు పెడితే కొమ్ములొస్తాయి. కింద అంచుకి పెట్టు."

'పెట్టు' అంది! 'పెట్టండి' కాదు. రస్సెల్ చెయ్యి ఆగిపోయింది.

"ఆ రోజు నిజంగా వాన కోసమేనా?" అడిగింది డెలియా.

"బట్టలు తీసింది వాన కోసం. కంచె దూకింది నీ కోసం."

డెలియా నవ్వబోతుండగా వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. లొరెయిన్ చొక్కాల్నీ, కొడుకునీ, ఆ పిల్లనీ వరసగా చూసింది.

"జరిమానా మాత్రం వదలను."

"వదలొద్దు. దండెం మేమూ వదలం" అంది డెలియా.

"మేమా?"

డెలియా చెంపలు ఎర్రబడ్డాయి. చూపు మాత్రం దించలేదు.

లొరెయిన్ ఆ చూపుని గమనించింది. ఎంత ఆపుకున్నా ఆవిడ పెదవి చివర నవ్వు ఆగలేదు.

"కాఫీ పెడుతున్నాను. లోపలికి రా. నీతో కూర్చుని తీరిగ్గా పోట్లాడాలి."