నాలుగు వేళ్ల కొలత

కొరియర్ అతను వచ్చేసరికి తల్లి గుమ్మం తుడుస్తోంది. అతను గేటు దగ్గరే నిలబడి బూడిదరంగు పొట్లం ఒకటి ఆమె చేతిలో పెట్టి, పేరైనా అడక్కుండా వెళ్లిపోయాడు. మూడు నెలలుగా వస్తూ పోతూ అతనికి ఆ ఇల్లు అత్తారిల్లంత అలవాటైపోయింది. తల్లి ఆ పొట్లాన్ని చచ్చిన ఎలకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకొచ్చి, "నీ సముద్రాల అవతలి చుట్టం దిగాడు" అంటూ కూతురి ఒళ్లో పడేసింది.

కూతురిని ఇంట్లో గిలక అంటారు. నడక రాని వయసులో తండ్రి కొట్లో తలకిందులుగా పెట్టిన సైకిలు ముందు కూర్చుని, చక్రం గిరగిరా తిప్పుతూ అన్నం తినేదట. అప్పుడు పడిన పేరు. ఇప్పుడామెకు ఇరవై ఆరేళ్లు. సరుకు గిడ్డంగిలో చేసే ఉద్యోగం, గిడ్డంగి మూతపడడంతో పోయింది. ఇంకోటి వెతుక్కోమని అందరూ అన్నారు. ఆమె వెతుక్కుంది. కాకపోతే ఎక్కడికీ వెళ్లలేదు, ఇంటి ముందు గదిలోనే, తండ్రి నలభై ఏళ్లుగా నడుపుతున్న సైకిళ్ల రిపేరు కొట్లోనే వెతుక్కుంది.

ఆ కొట్టుకి ఇప్పుడు గండం వచ్చింది. ఏడాదిగా పని తగ్గింది. బాగుచేయించుకున్నవాళ్లే తిట్టుకుంటూ వెనక్కి తెస్తున్నారు. ఈ కాలం సరుకంతా తుక్కేనని తండ్రి టోకు వ్యాపారితో తగాదా పెట్టుకున్నాడు. చివరికి విసుగొచ్చి, కొట్టును ఫోన్లు అమ్మేవాడికి అద్దెకిచ్చేద్దామన్నాడు. ఆ బేరం కుదిర్చింది తల్లి తమ్ముడు, దస్తావేజులు రాసే మామయ్య.

గిలక ఒప్పుకోలేదు. ఊరి చివర పాత క్వారీ గుట్ట మీదికి ప్రతి ఆదివారం నలభై, యాభై మంది గేర్ల సైకిళ్లేసుకుని వస్తున్నారు. వాటికేదైనా అయితే బాగుచేసేవాడు రెండు గంటల ప్రయాణమంత దూరంలో ఉన్నాడు. ఆ పని మనం చేద్దామంటుంది ఆమె. "ఆ సైకిళ్ల గురించి నీకేం తెలుసు?" అని తండ్రి అడిగాడు. ఒకటి మొదటినుంచీ కట్టి చూపిస్తానంది. ఒకటో తారీఖులోపు అది గుట్ట ఎక్కి దిగితే కొట్టు నీదేనని తండ్రి మాటిచ్చాడు. అది జరిగే పని కాదన్న నమ్మకంతోనే ఇచ్చాడు.

పాత ఇనప సామాన్లవాడి దగ్గర ఒక మౌంటెన్ బైకు ఫ్రేము దొరికింది. మిగతావన్నీ ఫోన్లో చూసి పరదేశం నుంచి తెప్పించింది. ఇక్కడ ఒక్క గేరుకి అడిగే డబ్బుతో అక్కడ గేరూ గొలుసూ రెండూ వస్తాయి. అయితే ఆమె గుడ్డిగా కొనే మనిషి కాదు. పొగిడినవాళ్ల మాటలు వదిలేసి తిట్టినవాళ్లవి ముందు చదివేది. అందులోనూ విరిగిన ముక్క ఫొటో పెట్టి తిట్టినవాళ్లనే నమ్మేది. అయినా ఒకసారి మోసపోయింది. గొలుసు తోమే బ్రషు అని తెప్పిస్తే, బొమ్మకి పళ్లు తోమడానికి సరిపోయేది వచ్చింది. తల్లి దాన్ని ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది. కానీ గొలుసు తెంపే పనిముట్టు, పెడలు కాడలు లాగే పనిముట్టు, మిల్లీమీటరులో పదోవంతు కూడా చెప్పే కొలముట్టు, అన్నీ నిక్షేపంలా ఉన్నాయి.

ఇక మిగిలింది ఒక్క ఇరుసు. ఫ్రేము అడుగున అడ్డంగా ఒక గొట్టం ఉంటుంది. దాంట్లో ఈ ఇరుసు బిగిస్తే దానికి రెండువైపులా పెడళ్లు నిలుస్తాయి. ఆ గొట్టం కొలత తండ్రే చెప్పాడు. అప్పటికి కొలముట్టు ఇంకా దారిలో ఉంది. ఆయన నాలుగు వేళ్లు దగ్గరగా చేర్చి గొట్టం మీద ఆనించి, "అరవై ఎనిమిది మిల్లీమీటర్లు. నా వేళ్లకి సరిగ్గా సరిపోయింది. రాసుకో" అన్నాడు. ఆమె రాసుకుంది, తెప్పించింది. అది ఓడెక్కి, సుంకాలవాళ్ల దగ్గర పడుకుని లేచి, అయిదు వారాలకి ఈ పొద్దున ఒళ్లో పడింది. ఒకటో తారీఖు ఎల్లుండి.

ఇరుసు గొట్టంలోకి సాఫీగానే వెళ్లింది. ఒకవైపు బిగిసింది. రెండోవైపు బిగించే మూత మాత్రం ఎంత తిప్పినా ఇరుసును అందుకోలేదు. గిలక విప్పి, తుడిచి, మళ్లీ బిగించింది. మళ్లీ అంతే. లోపల ఇరుసు, ఊడబోయే పన్నులా కదులుతోంది.

సరిగ్గా అప్పుడే మామయ్య చంకలో సంచీతో దిగాడు. ఒప్పంద పత్రం తెచ్చాడు, సంతకం ఒక్కటే తక్కువ. ఫ్రేమునీ మేనకోడలి మొహాన్నీ ఒకసారి చూసి, సంగతి గ్రహించి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఫొటో చూసి పెళ్లి చేసుకున్నట్టుందే నీ బేరం."

"నువ్వు కుదిర్చిన పెళ్లిళ్లన్నీ ఫొటో చూసినవేగా మామయ్యా. వాళ్లు కాపురాలు చేసుకోవట్లేదా?"

తల్లి నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లింది. తండ్రి నవ్వలేదు. వంగి ఇరుసు కదిపి చూశాడు.

"పొట్టిగా ఉంది. అరవై ఎనిమిదని రాసి తక్కువది పంపాడు. నేను మొదటే చెప్పాను, ఎవడో మొహం తెలియనివాడి సరుకు నమ్మకూడదని."

గిలక ఇరుసును బయటికి తీసి, కొలముట్టు దవడల మధ్య పెట్టి చూపించింది. అరవై ఎనిమిది, వెంట్రుకవాసి తేడా లేదు. తరవాత గొట్టానికి పెట్టింది. డెబ్బై మూడు.

"వాడు నేను రాసిందే పంపాడు నాన్నా. రాసిందే తప్పు."

తండ్రి ఒప్పుకోలేదు. ఆ కొలముట్టు కూడా అక్కణ్ణుంచి వచ్చిందే కదా, ఒక తానులో ముక్కలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పకేం చేస్తాయన్నాడు. మామయ్య భలే భలే అని తలూపాడు. గిలక ఆయన సంచీలోంచి పత్రాల మీద గీతలు గీసే స్టీలు స్కేలు లాగి, ఆయన చేతిలోనే పెట్టి కొలవమంది. మామయ్యకి తప్పలేదు. కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చూసి, గొంతు తగ్గించి, "ఏడు సెంటీమీటర్లు దాటిందే బావా. డెబ్బై మూడు" అన్నాడు.

తండ్రి మొహం ఎర్రబడింది. స్కేలు పక్కకి నెట్టి, నాలుగు వేళ్లు చేర్చి గొట్టం మీద పెట్టాడు. వేళ్లు అంచునుంచి అంచుకి అతికినట్టు సరిపోయాయి.

"చూడండి. నలభై ఏళ్లుగా ఈ నాలుగు వేళ్లూ అరవై ఎనిమిదే. మా గురువు నాకు ఇనప కొలబద్ద పెట్టి కొలిచి మరీ చెప్పాడు. నా చెయ్యి నాకు అబద్ధం చెబుతుందా?"

గిలక ఆ చేతిని చూసింది. ఇన్నాళ్లూ రోజూ చూస్తూనే ఉంది, కానీ ఇలా చూడలేదు. కణుపులన్నీ అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. ఆమె కొలముట్టు తెరిచి, తండ్రి చేయి గొట్టం మీద ఉండగానే, చిటికెనవేలి అవతలనుంచి చూపుడువేలి ఇవతలకి నెమ్మదిగా దగ్గరికి జరిపింది. బిగించలేదు, తగిలించి వదిలేసింది.

డెబ్బై మూడు.

తండ్రి ఆ అంకెని చాలాసేపు చూశాడు. తరవాత చేతిని వెనక్కి తీసుకుని, ఎవరిదో పరాయి వస్తువు చేతికొచ్చినట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తల్లి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. పొద్దున్నే గ్లాసు పట్టుకోవడానికి ఆయన పడే యాతన ఏడాదిగా తనకు తెలుసని, అడిగితే కసురుకుంటాడని నోరు మూసుకున్నానని చెప్పి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"వెనక్కొచ్చిన సైకిళ్లు మూడూ..." అన్నాడు తండ్రి, తనలో తను అనుకుంటున్నట్టు. "గొట్టం మీద వేళ్లు పెడితే బయటికొచ్చేవి. గొట్టమే చిన్నదేమోనని పొట్టి ఇరుసు వేశాను. గొలుసు రాసుకుంటోందని తెచ్చారు. నేను సరుకుని తిట్టాను, సరుకు అమ్మినవాణ్ణి తిట్టాను."

మామయ్య చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి. పత్రం తీసి మెల్లగా ముందుకి జరిపాడు. "పోనీలే బావా. చేతులు పోయాక ఎవరైనా ఏం చేస్తారు. సంతకం పెట్టేసి హాయిగా కూర్చో."

"చేతులు పోలేదు మామయ్యా. కొలత మారింది, అంతే" అంది గిలక. "మరలో అడ్డంపడ్డ ఇసక రేణువుని చేత్తోనే పట్టేసేవాడు మా నాన్న తప్ప నాకింకొకరు కనపడలేదు. బిగించడం ఆయన చూసుకుంటారు. కొలవడం నేను చూసుకుంటాను."

"ఎల్లుండికి సైకిలు నడవదుగా. షరతు షరతే."

"నడవదు. సరైన ఇరుసు రావడానికి మళ్లీ అయిదు వారాలు. షరతు నాన్నది, తప్పిన కొలతా నాన్నదే. అందుకని ఆగమంటున్నాను, బతిమాలడం లేదు." ఆమె తండ్రివైపు తిరిగింది. "ఆగనంటే సంతకం పెట్టెయ్ నాన్నా. ఈ పనిముట్లన్నీ సంచీలో వేసుకుని ఆదివారం పొద్దున గుట్ట కింద పట్టా పరుచుకుని కూర్చుంటాను. కొట్టు లేకపోతే పని ఆగదు. నువ్వు లేకపోతే మాత్రం కుంటుతుంది."

తండ్రి పత్రం అందుకున్నాడు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి, మామయ్య జేబులో తన చేత్తోనే దోపాడు. ఫోన్ల అబ్బాయికి వేరే కొట్టు చూపించమన్నాడు, ఇది అమ్మాయిదన్నాడు. మామయ్య అక్క మొహం చూసి, స్కేలు సంచీలో వేసుకున్నాడు.

అయినా గిలక మెత్తబడలేదు. తనకీ ఒక షరతుందంది. ఇకమీద ఈ కొట్లో కొలవకుండా ఏదీ బిగించకూడదు, ఊరంతా మాస్టారని పిలిచే నాన్నైనా సరే.

"నాకే షరతులా?"

"కొట్టు నాదన్నావుగా."

తండ్రి మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. కొలముట్టు ఇలా ఇమ్మన్నాడు. అంకెలు ఎలా చదవాలో నేర్పించమని కూతుర్ని అడగడానికి ఆయనకి రెండు నిమిషాలు పట్టింది, నేర్చుకోవడానికి ఒక్క నిమిషం. గొట్టాన్ని మూడుచోట్ల తనే కొలిచి, మూడుసార్లూ పైకి చదివాడు. ఆమె ఫోన్లో డెబ్బై మూడు నొక్కి కొత్త ఇరుసుకి ఆర్డరు పెట్టింది.

ఆ సాయంత్రం తండ్రి చొక్కా మార్చుకుని, కొలముట్టు జేబులో పెట్టుకుని బయల్దేరాడు. గిలక పానాల సంచీతో వెంట నడిచింది. వెనక్కొచ్చిన మూడు సైకిళ్లలో మొదటిది రెండు వీధుల అవతల ఉండే నర్సమ్మది. గేటు తీసిన ఆమె మాస్టార్ని చూసి మొహమాటపడి, పోనీలెండి, ఈ కాలం సరుకే అలా ఏడ్చింది, మీరేం చేస్తారు అంది.

"సరుకు మంచిదేనమ్మా" అన్నాడు తండ్రి, గేటు పట్టుకుని నిటారుగా నిలబడి. "తప్పు నా చేతిది. సైకిలు ఇలా బయటికి తే. మా అమ్మాయి కొలుస్తుంది, నేను బిగిస్తాను."