తప్పు కుట్టు

లైబ్రరీ వెనక గదిలో బట్టలు ఆరేసినట్టు తీగల మీద కాగితాలు ఆరేసి ఉన్నాయి. ఫ్యాను తిరుగుతోంది గానీ, దాని గాలి దానికే చాలడం లేదు. పుస్తకాలమ్మ దబ్బనంలోకి దారం ఎక్కించి ఇంకో ఫైలు కుట్టడానికి కూర్చుంది. ఊళ్ళో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో సరదాకి పెట్టిన పేరు, అసలు పేరును మింగేసి దర్జాగా స్థిరపడిపోయింది.

ఆ కాగితాలు, ఈ ఊరి నుంచి పాత యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని సిపాయిలవి. వాళ్ళ పేర్లు చెక్కించి చౌరస్తాలో ఒక రాయి నిలబెట్టాలనీ, ఆవిష్కరణ రోజున ఒక్కో కుటుంబం చేతిలో వాళ్ళ మనిషి సర్వీసు రికార్డు పెట్టాలనీ మునిసిపల్ చైర్మన్‌గారి సంకల్పం. సంకల్పం ఆయనది, చాకిరీ ఈవిడది. "కాగితం విలువ తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో నువ్వు తప్ప ఇంకెవరున్నారమ్మా?" అని ఆయన పొగిడిన రోజే ఆమె అనుమానించాల్సింది.

సైన్యం రికార్డుల ఆఫీసు నుంచి వచ్చింది రేకు పెట్టె. తెరిస్తే బురద వాసన. ఎప్పుడో వరదలో మునిగి తేలిన ఫైళ్ళు అవి. అట్టల మీద పేర్లు బాగానే ఉన్నాయి. లోపల ఉండాల్సిన కాగితాలు మాత్రం ఊడిపోయి, ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి. మనిషి ఎత్తు, ఛాతీ కొలత, పళ్ళ లెక్క, ఒంటి మీది గాట్లు, పుట్టుమచ్చలు... అన్నీ ఉన్నాయి. ఏ కాగితం ఎవరిదో చెప్పే నంబరు మాత్రం నీళ్ళకి కొట్టుకుపోయింది. ఆఫీసుకి ఉత్తరం రాస్తే, "తమరి లేఖ అందినది, పరిశీలనలో ఉన్నది" అని జవాబు. మళ్ళీ రాస్తే అదే జవాబు, అదే తేదీతో.

మరకల ఆకారం చూసి, గుండుసూది తుప్పు చూసి, గుమాస్తాల చేతిరాత పోల్చి, చాలావరకు ఆమె కలిపేసింది. ఇక కుటుంబాలను అడిగితే తేలుతుందనుకుంది. అది ఇంకా పెద్ద పొరపాటు. గడియారాలు బాగుచేసే పెద్దాయన తన అన్నకి కనుబొమ్మ మీద గాటు అన్నాడు. ఆయన చెల్లెలు కాదు, గడ్డం కింద అంది. ఇద్దరూ ఆమె ముందే పోట్లాడుకుని, చివరికి ఆమె మీద అలిగి వెళ్ళిపోయారు. బేకరీ వాళ్ళైతే తమ చిన్నాన్న ఆరడుగుల మనిషని ఒట్టేసి చెప్పారు. మిగిలిన కాగితాల్లో ఒకటే ఆరడుగులది. దాన్ని ఇప్పటికే ముగ్గురు అడిగారు.

అందరికంటే ఎక్కువగా విసిగించింది సొంత మేనత్త. పెళ్ళయిన ఏడాదికే మొగుణ్ణి యుద్ధానికి పంపి, ఆపైన తమ్ముడి ఇంట్లో, ఇప్పుడు తమ్ముడి కూతురైన ఈమె ఇంట్లో రోజులు వెళ్ళదీస్తోంది. మంచం దిగలేదు. కానీ సాయంత్రం గుమ్మం చప్పుడైతే చాలు...

"ఏమే, మీ మామయ్య కాగితం దొరికిందా?"

"వెతుకుతున్నా అత్తా."

"ఎడమ చెయ్యి చిటికెన వేలు వంకర ఆయనకి. అది చూసుకో."

మర్నాడు కుడి చెయ్యి అంది. "నిన్న ఎడమ అన్నావు కదత్తా!" అని ఈమె కసురుకుంటే, అత్త తాపీగా, "నిన్న ఎదురుగా నిలబడ్డాడు. ఇవాళ పక్కన కూర్చున్నాడు. నాకు తికమక కాదూ?" అంది.

పుస్తకాలమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకంటే మిగిలిన కాగితాల్లో దేంట్లోనూ వంకర వేలు ఊసే లేదు. సైన్యం కొలతల్లో ఆ వేలు లెక్కకి రాలేదు కాబోలు.

ఆవిష్కరణ తెల్లవారితే. మధ్యాహ్నం నుంచీ మబ్బు పట్టి, సాయంత్రం కాకముందే గదిలో చీకటి ముసిరింది. అట్టలు నాలుగు మిగిలాయి. కాగితాలు నాలుగు మిగిలాయి. ఏది ఎవరిదో తేలలేదు. అట్టల్లో ఒకటి మామయ్యది. చైర్మన్‌గారు ఫోన్ చేశారు.

"అయిపోయాయా అమ్మా?"

"నాలుగు తేలడం లేదండీ. ఆ నాలుగూ ఇప్పుడు ఇవ్వకుండా ఉంటే..."

"చాల్లే! ఏడ్చేవాళ్ళు పేరు చూసి ఏడుస్తారు గానీ, కొలతలు చూసి ఏడుస్తారా? కుట్టి పడెయ్."

ఫోన్ పెట్టేశారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నెల రోజులుగా వేళ్ళు పగిలేలా తడి కాగితాలు విడదీసింది. కళ్ళు పోయేలా చదివింది. ఆఫీసుకి పట్టలేదు, చైర్మన్‌కి పట్టలేదు, సొంత అన్నల మొహాలు గుర్తులేని ఊరికీ పట్టలేదు. తనకేనా పట్టింది? "సరే! ఎవరికి ఏది వస్తే అది!" అని పైకే అని, కళ్ళు మూసుకుని పేకముక్కలు కలిపినట్టు ఆ నాలుగు కాగితాలూ కలిపేసింది. వచ్చిన కాగితం వచ్చిన అట్టకి వేసి దబ్బనం దించింది. ఆరడుగులది మామయ్య అట్టకి పడింది. "పోనీలే మామయ్యా, నీకు మంచి ఎత్తు తగిలింది," అని చేదుగా నవ్వుకుంది.

ఆఖరి ముడి వేసి దారం పళ్ళతో కొరికింది.

కరెంటు పోయింది.

బయట వాన మొదలైంది. రేకుల మీద ముందు చిటపట, తర్వాత ఒకటే హోరు. ఆమె ఫోన్ లైటు వేసి సంచీ సర్దుకుంటుంటే, ముందు హాల్లో బెంచీ జరిగిన చప్పుడు వినిపించింది. పేపరు చదివేవాళ్ళలో ఎవరో ఉండిపోయారనుకుంది.

"లైబ్రరీ మూసేశామండీ!"

వాసన వచ్చింది. తడిసిన ఉన్ని కోటు వాసన, దాని కింద బురద, ఆ కింద తుప్పు. పెట్టె తెరిచిన రోజు వచ్చిన వాసనే అది. కానీ పెట్టె ఈ గదిలో ఉంది. వాసన ఆ గదిలోంచి వస్తోంది.

అప్పుడు అడుగులు. ఒకటి బూటు చప్పుడు, బరువుగా. రెండోది ఉత్త కాలు, తడిగా.

టక్... చప్. టక్... చప్.

నడక సమంగా లేదు. పొడుగు కాలూ పొట్టి కాలూ కలిసి నడుస్తున్నట్టు ఒక పక్కకి ఒరిగిపోతోంది. గుమ్మం దగ్గర ఆగింది.

"అమ్మా..." గుసగుసగా ఒక గొంతు. "కొంచెం చూసి పెడతారా?"

మర్యాదగా ఉంది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. లైటు పైకెత్తడానికి ధైర్యం చాల్లేదు. గుమ్మం పక్కనున్న బల్ల మీదే వెలుగు పడుతోంది. ఆ వెలుగులోకి రెండు చేతులు వచ్చి ఆనాయి.

ఒకటి పెద్దది. మోటుగా, నల్లగా, మణికట్టు మీద పాత కాలిన మచ్చతో. రెండోది చిన్నది. తెల్లగా, సన్నగా, గోళ్ళు కొరుక్కున్న వేళ్ళతో. మీసం కూడా రాని కుర్రాడి చెయ్యి.

"ఇది నాది కాదండీ," అంది గొంతు. ముదురు గొంతుతో మొదలైన మాట, చివరికొచ్చేసరికి కుర్రగొంతుగా తేలింది. "ఇంటికి పోదామని బయల్దేరాను. ఒక కాలు ఇటంటుంది... ఒక కాలు అటంటుంది..."

కాలిన మచ్చ. అది మిగిలిన నాలుగు కాగితాల్లో ఒకదాంట్లో ఆమె చదివిందే. కొరికిన గోళ్ళు ఏ కాగితంలోనూ లేవు. కానీ 'వయసు పద్దెనిమిది' అన్నది ఉంది. ఇంతకుముందే దాన్ని ఎవరికో వేసి కుట్టింది.

"విప్పేస్తాను," అంది. "ఇప్పుడే విప్పేస్తాను."

బల్ల సొరుగులో బ్లేడు కోసం తడిమింది. మొదటి ఫైలు దారం తెంపింది.

గుమ్మం దగ్గర ఏదో కింద పడింది. మెత్తగా. తడిగా.

ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది. బల్ల మీద చిన్న చెయ్యి లేదు.

"నెమ్మదిగా అమ్మా..." అందా గొంతు. ఇప్పుడది పూర్తిగా ముదురు గొంతు. "నొప్పేం లేదు. అలవాటే."

రెండో ఫైలు. దారం తెగింది. మళ్ళీ ఏదో పడింది. ఈసారి నేల మీద దొర్లి, బీరువా కాలికి తగిలి ఆగింది. మూడోది తెంపుతుంటే ఉక్రోషం పొంగుకొచ్చి ఏడుపుగా మారింది.

"ఏది మీదో మీరే చెప్పొచ్చు కదా! నెల రోజుల నుంచి అడుగుతున్నాను. అందర్నీ అడిగాను. మీకైనా తెలియాలి కదా!"

వాన హోరు కాస్త తగ్గింది. తర్వాత, చాలా కిందనుంచి, నేల మీదనుంచి వచ్చినట్టు...

"మాకూ తెలియదమ్మా. ఆ రోజు... అందరం ఒకే చోట ఉన్నాం. ఏది ముట్టుకున్నా నాదే అనిపిస్తుంది."

నాలుగో ఫైలు మామయ్యది. బ్లేడు దారం మీద పెట్టింది. చెయ్యి ఆగిపోయింది.

"మా ఇంటావిడ..." అంది గొంతు. ఇంకా కింద నుంచి. "మీ ఇంట్లోనే ఉందటగా?"

ఆమె దారం తెంపేసింది.

ఏమీ పడలేదు.

కాసేపటికి కరెంటు వచ్చింది. గుమ్మంలో ఎవరూ లేరు. నేల పొడిగా ఉంది. బీరువా కింద చూడలేదు. జన్మలో చూడదు కూడా. ముందు తలుపు లోపలి గడియ, తను పెట్టినట్టే ఉంది. నాలుగు కాగితాలూ ఒక కవరులో పెట్టి, నాలుగు అట్టలూ దాని మీద పెట్టి, వానలోనే ఇంటికి పరిగెత్తింది. అత్త నిద్రపోతోంది. లేపలేదు.

మర్నాడు చౌరస్తాలో రాయి మీది తెర తీశారు. తక్కిన కుటుంబాలన్నీ ఫైళ్ళు అందుకుని కళ్ళు తుడుచుకున్నాయి. ఆఖర్న పుస్తకాలమ్మ మైకు ముందుకు వెళ్ళి, ఉన్నమాట చెప్పేసింది. ఈ నలుగురి కాగితాలు ఎవరివో తనకు తెలియదనీ, తెలిసినట్టు నటించి కుట్టలేననీ, నలుగురివీ ఒకే కవరులో లైబ్రరీలో ఉంటాయనీ, ఎవరైనా వచ్చి నాలుగూ కలిపి చూసుకోవచ్చనీ చెప్పింది. గడియారాల పెద్దాయన లేచి కేకలేశాడు. బేకరీ వాళ్ళు ఆరడుగుల కాగితం తమదేనన్నారు. చైర్మన్‌గారు మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "పరువు తీశావు కదమ్మా," అని పళ్ళు నూరారు. ఆమె కవరు చంకన పెట్టుకుని లైబ్రరీ మెట్ల మీదికి వచ్చేసింది.

కానీ గడియారాల పెద్దాయన చెల్లెలు మాత్రం, మనుషులు పలచబడ్డాక వచ్చి ఆ కవరు అడిగి తీసుకుంది. నాలుగు కాగితాలూ ఒకదాని తర్వాత ఒకటి, మెట్ల మీద కూర్చుని, ఆఖరి అక్షరం దాకా చదివింది. "నలుగురూ కలిసి వెళ్ళినవాళ్ళే లెండి," అని కవరు తిరిగి ఇచ్చింది. ఆ ఒక్క మాటతో పుస్తకాలమ్మ గుండెలో బరువు కొంత దిగింది.

ఇంటికి వచ్చేసరికి పట్టపగలు. గదిలో ఎండ పరుచుకుని ఉంది. అత్త మెలకువగానే ఉంది. ఎప్పుడూ మంచం మధ్యలో పడుకునే మనిషి, ఇవాళ గోడకు అతుక్కుపోయినట్టు ఒక వారకి జరిగి ఉంది. ఎన్నేళ్ళకో మొహం తేటగా ఉంది. కాగితం దొరికిందా అని అడగలేదు.

"అత్తా," అంది పుస్తకాలమ్మ, మంచం మీద కూర్చోబోతూ. "మామయ్య కాగితం..."

"అక్కడ కూర్చోకే!" అత్త గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది. గొంతు తగ్గించి, "ఇప్పుడే కన్ను అంటుకుంది."

"ఎవరికి?"

"ఏమో. రాత్రి వచ్చాడు, చలికి వణికిపోతూ. మీ మామయ్యవా అంటే అవునంటాడు, ఇంకోసారి అడిగితే ఏమో అంటాడు. పోనీ పడుకోమన్నాను, పాపం."

"అత్తా... ఎవరూ లేరు ఇక్కడ."

"మెల్లగా మాట్లాడు."

పుస్తకాలమ్మ వంగి అత్త దుప్పటి సరిచేయబోయి ఆగిపోయింది. అత్త పాదాలు రెండూ దుప్పటి బయటే ఉన్నాయి, ఎండలో, బంగారు రంగు వెలుగులో.

దుప్పటి లోపల, వాటి పక్కన, ఇంకో పాదం మెల్లగా ముడుచుకుంది.