పచ్చవైపు తిరిగిన బిళ్ళ

"బిళ్ళ తిప్పకుండా పోతే ఈసారి గూడా చెంప పగుల్తాది, చెప్తాండా," అంది వంట చేసే ఏసమ్మ, పప్పుకు తిరగమోత పెడుతూ.

నతానియేలు నవ్వలేదు. ఆ దెబ్బ గుర్తొస్తే ఎడమ చెంప ఇప్పటికీ వెచ్చబడుతుంది మరి. అవమానాన్ని ఎవరైనా నాలుగేళ్ళు ఇంత భద్రంగా దాచుకుంటారా అంటే, ఈ ఆళ్ళగడ్డవాడు దాచుకున్నాడు.

అవుకు రిజర్వాయరు గట్టున నంద్యాల చర్చివాళ్ళు ఏటా పిల్లలకు వేసవి క్యాంపు పెడతారు. అక్కడ అన్నిటికంటే పెద్ద రూలు వేపచెట్టుకు కట్టిన పలక. నీళ్ళలో దిగేముందు దానిమీద ఎవరి పేరున్న బిళ్ళను వాళ్ళు ఎర్రవైపుకు తిప్పాలి, బయటికి రాగానే పచ్చవైపుకు. పిల్లలకైనా, ఈత నేర్పేవాళ్ళకైనా ఒకటే రూలు.

నాలుగేళ్ళ కిందట నతానియేలు నీళ్ళలోంచి వచ్చి, మామిడిపండ్ల వాసనకు బిళ్ళ సంగతే మరిచి వంటపాక వెనక్కి పోయాడు. ఇవతల అతనితోపాటు ఈత నేర్పే షాలిని, అతని బిళ్ళ ఎర్రగానే ఉండటం చూసి ఈల ఊది, పిల్లల్ని గట్టెక్కించి, అతనికోసం నీళ్ళలో దూకి వెతికింది. బంగినపల్లి పండు చీకుతూ తాపీగా వచ్చి "ఏందీ, ఏమైంది?" అన్నవాడి చెంప అందరి ముందూ చెళ్ళుమనిపించింది.

అతను ఆ సాయంత్రమే బస్సెక్కాడు. అంతకు ముందురోజు వానలో ఒకే టార్పాలిన్ పట్ట కింద ఇద్దరూ తలదాచుకున్నప్పుడు, ఆమె జడ కొసనుంచి కారే నీళ్ళు చూస్తూ అతను చెప్పబోయిన మాట గొంతులోనే ఉండిపోయింది.

ఈ ఏడు ఈత నేర్పే మనిషి దొరకలేదని పాస్టరు ఫోన్ చేస్తే వచ్చాడు. నిజానికి షాలిని నోట సారీ వినాలని వచ్చాడు. ఆమె ఇప్పుడు క్యాంపు నడిపే మనిషి. "నతానియేలు గారూ, తాడు బిగించినారా? జాకెట్లన్నీ ఉండాయా?" అనడమే తప్ప ఇంకో మాట లేదు. ఇవాళ మధ్యాహ్నం భోజనాలతో క్యాంపు అయిపోతుంది.

ఆఖరి ఈత ముగిసింది. నతానియేలు ఈల ఊదాడు. పిల్లలు జతలు జతలుగా చేతులు పట్టుకుని గట్టున నిలబడ్డారు. పలకమీద బిళ్ళలన్నీ పచ్చగా ఉన్నాయి, ఒక్క షాలినిది తప్ప.

"షాలినక్క యాడ?" అని పిల్లల్ని అడిగాడు.

ఎవరూ చూడలేదు.

దూకాడు. తాడు పొడుగునా మునిగి మునిగి వెతికాడు. చేతికి నాచు తగిలితే ఆమె జుట్టేమోనని గుప్పిటపట్టి పైకి లాగాడు. ప్రభువా, ఆమె ఉంటే చాలు, సారీ వద్దు, ఏమీ వద్దు అనుకున్నాడు.

"ఎవరికోసం దేవులాడతాండావ్?"

గట్టుమీద షాలిని. "చిన్నపిల్ల అక్షయ కాలికి రాయి కోసుకునింటే, దాని బిళ్ళ తిప్పి, కట్టు కట్టేకి ఎత్తుకపోయినా," అంటూ పలకవైపు చూసింది. ముఖం పాలిపోయింది. అతను పైకి రాగానే చెంప ముందుకు పెట్టింది.

"కొట్టు. తప్పు నాదే."

చెయ్యి ఎత్తాడు. దించేశాడు.

"ఆ పొద్దు నువ్వు గూడా ఇట్లే బయపడింటివా?"

"సచ్చిపోయినావనుకుంటి. నువ్వు పండు చీకుతా వస్తివి." ఆమె చూపు నీళ్ళమీదికి మళ్ళింది. "తిట్టేదానికైనా వస్తావని నాలుగేండ్లు సూస్తి."

"నాకు తెలీలేదు షాలినీ. ఇంగ నిన్నిడ్సి బస్సెక్కను. నువ్వంటే నాకు పానం."

వంటపాకలోంచి ఏసమ్మ గరిటె ఊపింది. "ఈ పిల్ల మగోళ్ళందర్నీ అన్నా అంటాది, ఈయప్పను మాత్రం గారూ అంటాది. నాకు అప్పుడే తెలిసె. మీ పెండ్లి మాట పాస్టరయ్యకు నేను జెప్తాలే, అన్నానికి రాండి."

షాలిని కళ్ళు తుడుచుకుని తన బిళ్ళను పచ్చవైపుకు తిప్పింది. పక్కనున్న అతని బిళ్ళ చూసి ఆగింది.

"నీది పచ్చగానే ఉంది. తిప్పకుండానే దూకినావా?"

"తిప్పే టైము యాడుండె?"

"రూలు రూలే," అని అతని ఎడమ చెంపమీద మెల్లగా ఒక్కటి తట్టింది.

చెంప మళ్ళీ వెచ్చబడింది.