ఉజ్జాయింపు అంచనా

2081 నాటికి కాకినాడ వారానికో వీధి చొప్పున ఖాళీ అవుతోంది. సముద్రం ముందుకొచ్చిన కొద్దీ జనం కొండల మీది కొత్త కాలనీలకు మకాం మారుస్తున్నారు. ఆ తరలింపుల కోసం పుట్టిన పరికరమే తూకపుకన్ను. అరచేతిలో ఇమిడే స్కానర్ అది. గది మధ్యలో పెడితే చాలు, బీరువా మొదలు గూట్లో గరిటె దాకా లేజర్‌తో కొలిచి, బరువూ మెట్లూ ఘాట్ రోడ్డు మలుపులూ కలిపి ఖర్చెంతో చెబుతుంది.

అంచనాలు రెండు రకాలు. ఖాయపు అంచనాలో చెప్పిన మొత్తం పైసా కూడా పెరగదు. కాకపోతే సామాన్లు ఇవీ, మనుషులు ఇంతమందీ అని ముందే సంతకం పెట్టాలి. ఉజ్జాయింపు అంచనా లారీ కాటా ఎక్కాకే తేలుతుంది. సగానికి సగం పెరిగినా అడగడానికి లేదు. దాని జోలికి పోవద్దని వీధిలో అందరికీ విడమరిచి చెప్పింది కామేశం మాస్టారే. ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పిన మనిషి. జవాబు రాయకుండా పేపరిచ్చి రావడం లాంటిదది అనేవారు.

ఆయన వంతు వచ్చిన రోజున రవాణా కంపెనీ తరఫున తూకపుకన్ను పట్టుకుని హైమ వచ్చింది. ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నదే. తీసుకెళ్లవలసినవేవో ఆయన ఒక్కొక్కటే చూపించారు. చూపించడానికే అలసిపోయి కూర్చున్నారు. అంచనా కాగితం చేతికొచ్చాక ఆయన చూపు ఒక్కచోటే ఆగిపోయింది.

వ్యానులో సీట్లు: రెండు.

ఆయన భార్య అనసూయమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు.

హైమ కంగారుపడి క్షమించమంది. ఆయన మాత్రం పాత అలవాటు కొద్దీ తప్పెక్కడ జరిగిందో చెప్పబోయారు.

"దీన్నేం అనకమ్మా. ఇందాకట్నుంచీ మా ఇల్లు, మా మంచం అంటున్నాను కదా. తెలుగులో ఒంటరివాడు కూడా మా ఇల్లనే అంటాడు. ఆ సంగతి దీనికెవరూ చెప్పినట్టు లేదు."

"తెలుసండి," అంది తూకపుకన్ను. "మాటను బట్టి లెక్కవేయలేదు. తప్పక తేవాలని మీరు చూపించినవాటిని బట్టి వేశాను. దిండ్లు రెండు. కళ్లజోళ్లు రెండు. ఆడవాళ్ల చెప్పులు ఒక జత."

ఒకరని దిద్ది సంతకం పెడితే ఖాయపు అంచనా వచ్చేస్తుందనీ, సీటు డబ్బులు కూడా తగ్గుతాయనీ హైమ మెల్లగా చెప్పింది. తెర మీద 'ఒకరు' అన్న గడి వెలిగింది. ఆయన వేలు దాని దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది.

"ఉజ్జాయింపులో మనుషుల లెక్క ఎప్పుడడుగుతారమ్మా?"

"బండెక్కేటప్పుడండి. కానీ మాస్టారూ, అది వద్దని మా నాన్నకి మీరే..."

"చెప్పాను," అన్నారాయన. "ఉజ్జాయింపే రాసుకో."