వైఫై కీ మార్చిన మధ్యాహ్నం

"మేడ మీద దిగి నెలైనా కాలేదు, మా నెట్ మొత్తం మీరే మింగేస్తున్నారు!"

మెట్ల మలుపులో ఎదురైన అమ్మాయితో అతను అన్న మొట్టమొదటి మాట అది.

ఆమె భుజానికి నల్లటి తీగలు చుట్టలు చుట్టలుగా వేలాడుతున్నాయి. వాటిని సర్దుకుంటూ అతన్ని పైనుంచి కిందికి ఓసారి చూసింది.

"ముందు మీరెవరో చెప్పండి. ఎవరు మింగారో తర్వాత చూద్దాం."

"ఈ ఇంటి ఓనర్ గారి అబ్బాయిని."

"అయ్యో! ఆంటీ 'మావాడు మహా నెమ్మది' అంటే నమ్మేశానే!"

టకటకా మేడెక్కి వెళ్లిపోయింది. తిట్టిన తనే తిట్లు తిన్నట్టు ఎందుకుందో అతనికి అర్థం కాలేదు.

ఇంట్లో అతన్ని అందరూ దుబాసీ అంటారు. ఆసుపత్రిలో డాక్టర్‌ది ఒక భాష, రోగిది మరో భాష అయినప్పుడు, వీడియోలో మధ్యన కూర్చుని ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే పని కోసం అతను ప్రయత్నిస్తున్నాడు. రెండుసార్లు పరీక్ష పెట్టారు. రెండుసార్లూ నెట్ నత్తలా నడిచి, మాట సగంలో ఉండగానే బొమ్మ బిగుసుకుపోయింది. ఆ మధ్యాహ్నం మూడింటికి ఆఖరి అవకాశం.

పైవాటాలోకి ఆ అమ్మాయి వచ్చినప్పట్నుంచే నెట్ నత్త అయింది. కాబట్టి తప్పు ఆమెదే. భోజనం కాగానే లాప్‌టాప్ తెరిచాడు. వైఫై సెట్టింగుల్లోకి వెళ్లి, పాత సెక్యూరిటీ కీ చెరిపేసి, పొడుగాటి కొత్తది టపటపా కొట్టి, సేవ్ నొక్కాడు.

"ఇప్పుడు మింగండి చూద్దాం!" అని కాలర్ ఎగరేశాడు.

మరుక్షణం ముందు గదిలో గోల మొదలైంది. అమ్మ అక్కడ బట్టలు కుడుతుంది. బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్లు ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉన్నారు.

"ఇదేంటమ్మా, సరిగ్గా పెళ్లికొడుకు రాగానే సీరియల్ ఆగిపోయింది!"

దుబాసీ అమ్మ వైపు చూశాడు. అమ్మ కత్తెర వైపు చూసింది.

"నేనే ఇచ్చానురా కీ. బట్టల కోసం కూర్చున్నవాళ్లకి కాలక్షేపం ఉండద్దూ?"

"ఎంతమందికి ఇచ్చావే?"

"అడిగిన వాళ్లకే! అడగలేక మొహమాటపడ్డవాళ్లకి కూడా."

"మరి పైనున్న అమ్మాయికి?"

"ఆ పిల్లకి నేనిస్తానన్నా వద్దంది. ఇంట్లో ఉన్నంతసేపూ నెట్‌తో పనే లేదట."

అతని మొహంలో రంగులు మారాయి. తలదించుకుని గదిలోకి వచ్చి, కొత్త కీ కొట్టాడు. కీ తప్పు అంది లాప్‌టాప్. మళ్లీ కొట్టాడు. మళ్లీ తప్పే. ఇందాక తెర మీద అక్షరాలకి బదులు చుక్కలే కనపడ్డాయి, ఆ హడావిడిలో ఎక్కడ వేలు జారిందో ఏమో! తన ఇంటికి తాళం వేసుకుని తనే బయట నిలబడ్డట్టయింది. ఫోన్‌కి ఆ ఇంట్లో సిగ్నల్ అందదు. రీసెట్ చేస్తే కంపెనీ మనిషి వచ్చి అమర్చేదాకా అంతా బంద్.

మూడు కావడానికి ఇక పావుగంటే ఉంది.

"అమ్మా, నా పని అయిపోయిందే!" అన్నాడు. ఆ గొంతు విని అమ్మ మిషన్ ఆపేసింది.

గుమ్మంలో పైవాటా అమ్మాయి. డ్యూటీకి వెళ్తూ మెట్లు దిగింది. నాటకాల హాల్లో సౌండ్ చూసేది ఆమే.

"ఏమైంది ఆంటీ?"

అమ్మ చెప్పింది. దుబాసీకి భూమి చీలి లోపలికి పోతే బాగుండనిపించింది.

ఆమె నవ్వలేదు. భుజం మీది చుట్టల్లోంచి ఒకటి తీసింది.

"కీ కావాల్సింది గాల్లో వచ్చే నెట్‌కండీ. తీగకి అక్కర్లేదు. మా సౌండ్ బోర్డుకీ ఇదే తీగ. మీ రౌటర్ ఎక్కడ?"

కుట్టుమిషన్ పక్కన అలమారా మీద. అక్కణ్ణుంచి తీగ పరుస్తూ వచ్చింది. బెంచీ మీది ఆడవాళ్లు వరసగా కాళ్లు పైకెత్తారు. లాప్‌టాప్‌కి తగిలించగానే నెట్ వచ్చింది. చెయ్యి తీయగానే పోయింది.

"క్లిప్ విరిగింది. పట్టుకోవాలి," అంటూ అతని బల్ల పక్కన నేల మీద చతికిలబడింది.

"మీ డ్యూటీ?"

"మీ పరీక్ష చూసుకోండి ముందు."

తెర మీద డాక్టర్, పక్కన ఒక పెద్దావిడ, ఓ మూల పరీక్షించే అధికారి. పెద్దావిడ "నాకేం లేదు బాబూ, మా వాళ్లకే కంగారు" అని నవ్వేసింది. దుబాసీ ఆ మాట డాక్టర్ భాషలో చెప్పాడు. ఓ క్షణం ఆగి, "నేను గమనించింది ఒకటుంది. ఆవిడ ప్రతి రెండు మాటలకీ ఊపిరి కోసం ఆగుతున్నారు. నవ్వేది అది కనపడకుండా ఉండటానికేమో అడగండి" అన్నాడు. డాక్టర్ అడిగాడు. పెద్దావిడ నవ్వు ఆపింది. మెట్లెక్కితే గుండె పట్టేస్తోందని మెల్లిగా ఒప్పుకుంది.

కింద కూర్చున్న అమ్మాయి చెయ్యి తిమ్మిరెక్కింది. అయినా కదల్లేదు. ఆమెకి డాక్టర్ భాష ఒక్క ముక్క రాదు. అతని మొహమే చూస్తూ కూర్చుంది.

చివర్లో అధికారి కళ్లజోడు తీసి, "ఎప్పట్నుంచి చేరతారు?" అన్నాడు.

దుబాసీ గావుకేకకి ముందు గదిలోంచి అందరూ పరిగెత్తుకొచ్చారు. అమ్మ కొడుకుని వదిలేసి ముందు ఆ అమ్మాయిని వాటేసుకుంది.

"నా బంగారు తల్లే!"

"ఆంటీ, క్లిప్... ఇంక వదిలేయొచ్చా?"

ఆ తీగతోనే సెట్టింగుల్లోకి వెళ్లి, ఈసారి ఒక్కో అక్షరం పైకి చదువుతూ కొత్త కీ పెట్టాడు. ఆమెకి క్షమాపణ చెప్పుకోవడానికి హాలు దాకా వెంట వెళ్లాడు. ఆలస్యానికి ఆమె తిట్లు తింటుంటే "తప్పు నాదండీ" అని అడ్డం వెళ్లి తనూ నాలుగు తిన్నాడు.

ఉద్యోగంలో చేరాక, తన డ్యూటీ అయిపోగానే రోజూ ఆ హాలు దారే పట్టాడు. అటు అతనికి వేరే పనేం లేదని ఆమెకీ తెలుసు. ఒకరోజు అమ్మే అడిగేసింది: "ఆ పిల్లకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఆ సాయంత్రం బయట వాన దంచుతోంది. హాల్లో స్టేజీ మీద వడ్రంగులు మేకులు కొడుతున్నారు. స్టేజీకి ఎదురుగా, కుర్చీల వెనక ఉన్న అద్దాల గదిలో ఆమె.

"కాస్త మైక్ ముందు నిలబడి ఏదో ఒకటి మాట్లాడండి. సౌండ్ చూసుకోవాలి," అంది స్పీకర్లో.

అతను మైక్ పట్టుకున్నాడు. రెండు భాషలొచ్చిన మనిషికి ఒక్క మాట రావడం లేదు.

"ఇంతకాలం ఊళ్లోవాళ్ల మాటలన్నీ మోశాను. ఇది మాత్రం నాది," అన్నాడు చివరికి. "నువ్వంటే నాకు ప్రాణం. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

సుత్తులు ఆగిపోయాయి. వడ్రంగులందరూ అద్దాల గది వైపు తిరిగారు. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత మైక్ దగ్గరికి లాక్కుంది. స్పీకర్లు గరగరమన్నాయి.

"సౌండ్ బాగానే ఉంది. చేసుకుంటాను. కానీ ఇంకోసారి చెప్పు, ఇంకాస్త గట్టిగా!"

చెప్పాడు. హాలు పైకప్పు మీది వాన చప్పుడు కూడా ఆ కేకలో కలిసిపోయింది.