బిగుతు కుట్టు

శనివారం పొద్దున్నే వెర్నా పొయ్యి మీద చిక్కుడు గింజలు పెట్టి, అమ్మ లేవకముందే ఆమె నారతో కుడుతున్న బుట్ట ముందేసుకుని కూర్చుంది. నిన్న అమ్మ కుట్టిన వరసలో నల్ల నార నాలుగు చోట్ల దారి తప్పింది. వాటిని విప్పి మళ్లీ కుట్టింది. మూడు నెలలుగా రోజూ ఇదే దొంగపని. ఎడారిలోని టొహోనో ఓధమ్ ఆదివాసీల పల్లెలన్నిటిలో అమ్మ పేరు, ఫిలోమినా బుట్టంటే అంత పేరు. ఆ పేరు చెడకూడదని వెర్నా తనకు తాను చెప్పుకునేది. అసలు కారణం చెల్లెలు లొరిండా.

లొరిండా టూసాన్ నగరంలో కంటి జబ్బుల మీద పరిశోధన చేస్తుంది. అమ్మకేమో షుగరు. వేలు పొడిచి పరీక్ష చేసేది, మాత్రలిచ్చేది, చర్చికి కారులో తీసుకెళ్లేది వెర్నా. అక్కడ అమ్మ మురిసిపోతూ చెప్పేది మాత్రం "మా చిన్నది కళ్ల శాస్త్రవేత్త" అని! వెర్నాకు ఒళ్లు మండిపోయేది. అమ్మ చూపు తగ్గిందని తెలిస్తే చెల్లెలు వచ్చి టూసాన్ తీసుకుపోతుంది, ఇక అమ్మ పూర్తిగా దానిదైపోతుంది. తోడబుట్టినదాని మీద ఇంత కుళ్లా అంటే, అవును, అంత కుళ్లే.

పది గంటలకు లొరిండా వచ్చింది. బుట్ట చేతిలోకి తీసుకోగానే ఆమె ముఖం మారిపోయింది.

"అక్కా, అమ్మ కుట్టు వదులుగా ఉంటుంది. ఇక్కడ బిగుతుగా ఉంది. నువ్వు కుట్టావు కదూ?"

"కుట్టాను. అయితే ఏంటట?"

"అమ్మకు కనబడటం లేదా? ఎన్నాళ్లయింది?"

"మూడు నెలలు."

"అయ్యో, ఎంత పని చేశావే! కంటి వెనక పొరలో సన్న రక్తనాళాలుంటాయి. షుగరు వాటిని పాడుచేస్తుంది. ఊపిరందని కణాలు 'రక్తం పంపండి' అని చుట్టుపక్కలకు కబురు పెడతాయి. ఆ కబురుకు కొత్త నాళాలు మొలుస్తాయి. వాటికి సత్తువ ఉండదు, కారిపోతాయి. కన్ను మసకబారిపోతుంది. ఆ కబురును అడ్డుకునే ఇంజెక్షన్ కంట్లో వేస్తారు, ముందే వస్తే!"

"నీ కణాలే నయం, అరిస్తే వినేవాళ్లున్నారు. ఇన్నేళ్లు నేనరిస్తే ఎవరు విన్నారు? పెరటి చెట్టు మందుకు పనికిరాదుగా!"

గుమ్మంలో గోడ పట్టుకుని అమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో!

"దాన్ని తిట్టకు లొరిండా. నాకు తెలుసు."

"ఏం తెలుసమ్మా?"

"నా బుట్టలో దాని బిగుతు కుట్టు నా వేళ్లకు తెలియదా? మొదటి రోజే తెలిసింది. చెబితే నువ్వు నన్ను టూసాన్ తీసుకుపోతావు. వెర్నాను వదిలి నేనుండలేనే. అందుకే నోరు మూసుకున్నాను."

వెర్నా దాచింది అసూయతో. అమ్మ దాచింది పెద్దకూతురి కోసం, కళ్లు పోతున్నా సరే అనుకుని. "నా పాపిష్టి కుళ్లు నీ కళ్ల మీదికి తెచ్చిందమ్మా!" అని వెర్నా అమ్మ కాళ్లు చుట్టేసుకుని భోరుమంది.

లొరిండా కళ్లు తుడుచుకుంది. "ఇన్నాళ్లూ నేనే నీకు ముద్దనుకున్నాను," అంది చిన్నబోయి. "సరే, సోమవారం ఆసుపత్రికి తీసుకెళ్తాను. సాయంత్రానికి ఇంటికి పంపిస్తాను, ఒట్టు."

"కంట్లో సూదా? బాబోయ్! పక్కన పెద్దది ఉంటేనే వస్తాను."

వెర్నా లేచి కారు తాళాలు తన జేబులో వేసుకుంది. "నేనే తీసుకొస్తాను. నువ్వక్కడ దారి చూపించు చాలు," అంది చెల్లెలితో.