శ్రీరాంపూర్ ఐసుపెట్టె

"సోమవారం నాడు మా ఆయన కాలు తీసేస్తరంట మేడం. గా మందును ఎవలో సంపిన్రు!"

జమాలున్నీసా కుర్చీ అంచున కూర్చుని, లోపలికి వచ్చిన దగ్గర్నుంచి అదే మాట చెబుతోంది. కరీంనగర్ మంకమ్మతోటలోని ఆ మేడమీది గదికి మనుషులు పోయారనో, నగలు పోయాయనో పరుగెత్తుకొచ్చేవాళ్లే ఎక్కువ. మందు చచ్చిపోయిందని వచ్చిన మనిషి ఈమే మొదలు. అసిస్టెంటు రిదా తన మేడం ముఖంలోకి చూసింది. డిటెక్టివ్ జానకీబాయి నవ్వలేదు. అసలు ఆవిడ నవ్వడంలో మహా పొదుపరి.

"జర నీళ్లు తాగుర్రి. తాగి, మొదటి నుంచి చెప్పుర్రి."

ఆమె చెప్పింది. భర్త సత్తార్ శ్రీరాంపూర్ బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. చక్కెర జబ్బుతో పాదాలు మొద్దుబారాయి. చెప్పు కరిస్తే తెలియలేదు, అది పుండై ఏడాదిగా మానలేదు. కరీంనగర్ డాక్టరమ్మ శ్రేయ ఒక కొత్త వైద్యాన్ని పరీక్షిస్తూ ఆయన్ని చేర్చుకుంది. మొదటి మందు వేశాక పుండు ఎర్రబడి, అంచులు దగ్గరికి వచ్చాయి. ఇంట్లో సేమ్యా వండుకున్నారు. రెండో మందు వేశాక మాత్రం మానడం ఆగిపోయి, పుండు మళ్లీ నల్లబడింది.

"ఎందుకు చెడిందో తెలువకుండ మూడోది ఇయ్యరంట. సీతారాంరావు డాక్టరేమో కాలు తీద్దామంటుండు. ఆయనకు గీ మందంటె మొదటి నుంచి గిట్టదు. డాక్టరమ్మ వచ్చేదాక మందుపెట్టె గూడ ఆయన రూములనే ఉండె."

రిదా కళ్లు మెరిశాయి. ఆమె లెక్కలో దొంగ దొరికిపోయాడు. "తొందరపడకు బిడ్డా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా?" అంటూ జానకీబాయి చెప్పులేసుకుంది.

శ్రీరాంపూర్ పక్కనే, సత్తార్‌కు వైద్యం జరుగుతున్న నస్పూర్ క్లినిక్‌లో శ్రేయ దొరికింది. నిద్రలేక కళ్లు ఉబ్బి ఉన్నాయి. మందు గురించి అడగ్గానే మాత్రం ఆ కళ్లకే ప్రాణం వచ్చింది.

"తల్లులు ఇష్టపడి ఇచ్చిన బొడ్డుతాడులోంచి మూలకణాలు తీసి పెంచుతాం మేడం. వాటితో పలుచటి తెర తయారుచేసి పుండు మీద పరుస్తాం. మానడం మరిచిపోయిన పుండుకు అవి మళ్లీ పని గుర్తుచేస్తాయి. అందరికీ పనిచేస్తుందని నేను చెప్పను. సత్తార్ గారికి పనిచేసింది, నా కళ్లతో చూశాను. రెండో తెరలో మిగిలిన ముక్కను ల్యాబుకు పంపితే, కణాలన్నీ చచ్చిపోయి ఉన్నాయి."

"ఎట్ల చస్తయి?"

"ఎండ తగిలితే చాలు. చల్లగా ఉంచి తేవాలి. నేను ఆసిఫాబాద్ క్యాంపు చూసుకుని ఇటు వస్తాను కాబట్టి, పెట్టెను కరీంనగర్ నుంచి దశరథం తన కారులో తెస్తాడు. సత్తార్ గారి దోస్తు. మొదటిసారి మందుపెట్టె అని మాత్రమే చెప్పాను. రెండోసారి మే నెల ఎండలు కదా, నేనే ఫోన్ చేసి, ఇందులో ప్రాణమున్న కణాలున్నాయి, చంటిపిల్లను తెచ్చినట్టు తెమ్మని మరీ మరీ చెప్పాను. పెట్టె తెరిచినప్పుడు లోపల చల్లగానే ఉంది. థర్మామీటర్ పెట్టి చూశాను కూడా."

ఖాళీ పెట్టె ఇంకా అక్కడే ఉంది. తెల్లటి థర్మాకోల్ పెట్టె. జానకీబాయి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, భూతద్దం పెట్టి చూసింది. మూత కూర్చునే అంచున, కుడివైపు ఒకటి, సరిగ్గా దానికి ఎదురుగా ఎడమవైపు ఒకటి, వేలి గోరంత గుంటలు నొక్కుకుని ఉన్నాయి. టేపు జిగురులో ఎర్ర దుమ్ము. అడుగున మూలలో ఎండిపోయిన రంపపు పొట్టు.

"లోపల ఐసు గడ్డలు పెడతరా?"

"లేదు మేడం. ప్లాస్టిక్ సంచుల్లో సీలు చేసిన చల్లటి జెల్ మాత్రమే."

జానకీబాయి చిటికెడు పొట్టును కాగితంలో మడిచి సంచిలో వేసుకుంది. పక్క గదిలో సర్జన్ సీతారాంరావు వాళ్ల కోసమే కాచుకున్నట్టున్నాడు.

"పెట్టె నా బల్ల మీద ఉన్నది నిజమే. నేను ముట్టలేదు. ఆ మందు మీద నాకు నమ్మకం లేదమ్మా, నిజం చెప్తున్నా. కాలు తీస్తే కనీసం మనిషి దక్కుతడు. కానీ నా దగ్గరికి వచ్చిన మనిషి మందును చెడగొట్టేంత నీచుణ్ని కాదు."

బయటికి వచ్చాక రిదా, "ఎంత నటన!" అంది. జానకీబాయి కారెక్కింది.

శ్రీరాంపూర్‌లోని ఇంట్లో సత్తార్ మంచం మీద, కాలు దిండు మీద పెట్టుకుని ఉన్నాడు. పక్కనే దశరథం. వాళ్లు వెళ్లేసరికి దశరథం కిటికీ తెరిచి, ఎదురుగా ఉన్న వెనక తలుపు కూడా తెరుస్తున్నాడు. దుమ్ము వస్తుందని జమాలున్నీసా గొణిగింది.

"ఒక్కటే తెరిస్తె గాలి ఆడదు వదినె. వచ్చేటందుకొక తొవ్వ, పోయేటందుకొక తొవ్వ ఉండాలె."

సత్తార్ నవ్వాడు. "వీడు గంతే మేడం. ఒకపారి గనిల కప్పు కూలి రాళ్ల కింద పడ్డ. గాలి లేదు. వీడు చేతులతోటి రాయి గీకి గీకి సందు జేసిండు. గోర్లు ఊడిపోయినయి. గా సందుల నుంచి వచ్చిన గాలితోటే బతికిన."

జానకీబాయి దశరథం చేతుల వైపు చూసింది. రెండు వేళ్లకు గోళ్లు మళ్లీ రానేలేదు.

"పెట్టెను దారిల ఎవరన్నా ముట్టిన్రా దశరథం?"

"లేదమ్మా. నేను తప్ప ఎవ్వలు ముట్టలే. పెద్దపల్లి కాడ చెరుకురసం తాగిన, గప్పుడు గూడ పెట్టె నా ఒళ్లెనే ఉండె." ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖంలో గర్వమే తప్ప భయం లేదు.

తిరిగి వస్తూ పెద్దపల్లి దగ్గర జానకీబాయి కారు ఆపించింది. చెరుకురసం బండివాడు గోనెసంచి విప్పి, రంపపు పొట్టులో కప్పిన ఐసు దిమ్మను బయటికి తీశాడు. తన సంచిలోని కాగితం విప్పి, ఆ పొట్టునూ ఈ పొట్టునూ పక్కపక్కన పెట్టి చూశాక, ఆవిడ కాగితాన్ని మళ్లీ మడిచి దారిపొడవునా చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఆవిడకు దిగులుగా ఉందని రిదాకు మొదటిసారి అర్థమైంది.

మర్నాడు నస్పూర్ క్లినిక్‌లో అందరూ చేరారు. సత్తార్‌ను చక్రాల కుర్చీలో తెచ్చారు. జానకీబాయి బల్ల మీద ఖాళీ పెట్టె పెట్టింది.

"గీ మందును పగతోటి ఎవ్వలు సంపలే," అంది. "చెడగొట్టాలనుకున్నోడు మూత మొత్తం తీస్తడు. గీడ మొదలు మూత తియ్యలే. రెండు పుల్లముక్కలు పెట్టి జరంత పైకి లేపిన్రు, అటొకటి, ఇటొకటి, ఎదురెదురుగ. గాలి ఒక పక్కన వచ్చి ఇంకో పక్కన పోవాలె. అట్ల ఆలోచించేది ఎవరు? భూమి లోపల పనిచేసినోళ్లు."

ఆవిడ పెట్టె అంచున ఉన్న రెండు గుంటల మీద వేళ్లు పెట్టి చూపించింది.

"లోపల ప్రాణముందని డాక్టరమ్మ చెప్పింది. పెట్టెకేమో టేపు వేసి బిగించి ఉన్నది. గాలి లేక మనిషి కొట్టుకునుడు కళ్లార చూసినోనికి అది పెట్టె లెక్క కనబడలే, కూలిన గని లెక్క కనబడ్డది. మూత ఎత్తిండు. మే నెల ఎండ లోపలికి పోయింది. కొంతదూరం పోయినంక చల్లదనం తగ్గిందని చెరుకురసం బండి కాడ ఐసు తీసుకొని, గప్పుడు మూత తీసి పోసిండు. పొట్టు అక్కడిదే. అందుకే డాక్టరమ్మ చూసేసరికి పెట్టె చల్లగనే ఉన్నది. కణాలు మాత్రం అప్పటికే చచ్చినయి. ముట్టిన్రా అంటె, నేను తప్ప ఎవ్వలు ముట్టలేదన్నడు. అబద్ధం చెప్పలే. తెరిచినవా అని మనమే అడగలే."

దశరథం లేచి నిలబడ్డాడు.

"వేపపుల్ల ఇరిచి పెట్టిన... ఊపిరాడక చస్తయనుకున్న అమ్మా. కరిగిన ఐసు నీళ్లు పారబోసి, ఇప్పినట్టు కనబడొద్దని టేపు మళ్ల అంటించిన. డాక్టరమ్మ కోపం జేస్తదని." అతను సత్తార్ వైపు తిరిగాడు. "నీ కాలు నేను పోగొట్టిన్నా భాయ్?"

శ్రేయ ముఖం చేతుల్లో దాచుకుంది. "ఎండ తగలొద్దని చెప్పాల్సింది. చంటిపిల్ల అన్నాను!"

జమాలున్నీసా కోపంతో లేచింది. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోవడం ఆమెకు చాలా కష్టమైంది. అంతలో సత్తార్ చెయ్యి చాచి, గోళ్లు లేని ఆ వేళ్లను పట్టుకున్నాడు.

"అరే పాగల్, నువ్వు గాలియ్యకుంటె గీ కాలు ఎప్పుడో మట్టిల కలుస్తుండె. నువ్వు ఇంకేం జేస్తవ్? నీకొచ్చింది గదే!" అంటూ ఏడుస్తూనే నవ్వాడు.

సీతారాంరావు గొంతు సవరించుకున్నాడు. "కారణం తెలిసింది కాబట్టి మూడోది ఇవ్వమని ఈ మందు పరీక్షలు చూసే కమిటీకి నేనూ రాస్త. పుండుల చీము లేదు. సోమవారం ఆపరేషన్ ఆపుత. కానీ చక్కెర అదుపుల ఉండాలె, ఆ కాలు నేల మీద మోపొద్దు." రిదా తల దించుకుని, "క్షమించండి సార్" అంది. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

మూడో పెట్టె తేవడానికి వేరే మనిషిని చూద్దామని శ్రేయ అంటే, జమాలున్నీసా ఒప్పుకోలేదు. "దశరథమే తేవాలె. నేను పక్కన కూసుంట," అంది. ఏసీ ఉన్న కారు అడిగి తెచ్చి, అద్దాలన్నీ బిగించి, దశరథం నెమ్మదిగా నడిపాడు. పెట్టె ఆమె ఒళ్లో ఉంది.

వానలు బాగా పడుతున్న ఒక ఉదయం మంకమ్మతోట మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. నెమ్మదిగా, ఒకదాని తర్వాత ఒకటి. రిదా పరుగున వెళ్లి తలుపు తీసింది. సత్తార్ మెత్తటి ప్రత్యేకమైన బూట్లేసుకుని, గోడ పట్టుకుని, తన రెండు కాళ్ల మీద పైకి వస్తున్నాడు. పుండు పూడి కొత్త చర్మం వచ్చిందని, డాక్టరమ్మ ఇంకో ఇద్దర్ని ఈ వైద్యంలో చేర్చుకుందని జమాలున్నీసా గుమ్మంలోంచే చెప్పేసింది. ఆమె చేతిలో సేమ్యా టిఫిన్ డబ్బా ఉంది.

వెనకాల దశరథం అలవాటుగా కిటికీ దగ్గరికి పోయి, రెక్క మీద చెయ్యి వేసి, అంతలోనే తీసేశాడు.

"తెరువాల్నా అమ్మా?" అని అడిగాడు, బిక్కుబిక్కుమంటూ.

జానకీబాయి అప్పుడు నవ్వింది. దాచిపెట్టిందంతా ఒక్కసారే ఖర్చుపెట్టినట్టు నవ్వింది.

"తెరువు దశరథం. ఎదురుగ తలుపు గూడ తెరువు. గీడ ఉన్నోళ్లందరం గాలి పీల్చేటోళ్లమే."